50 మ్యాచ్‌ల సీజన్‌లో గెలిచిన టైటిల్ అసలు టైటిలేనా?

అడిగిన ప్రశ్న ఇది: "1998–99 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్‌ని లాకౌట్ వల్ల 82 మ్యాచ్‌ల నుంచి 50కే కుదించారు కదా. ఆ ఏడు శాన్ ఆంటోనియో స్పర్స్ గెలిచిన టైటిల్ పక్కన ఆస్టరిస్క్ (ఇది పూర్తి టైటిల్ కాదనే చుక్క గుర్తు) పెట్టాలని ఇప్పటికీ కొందరు అంటుంటారు. ఆ సీజన్ చూసిన అభిమానులకు నిజంగా అలా అనిపించిందా? ఆ గొడవలో తప్పెవరిది? ఇప్పుడు ఆ మ్యాచ్‌లు వెతుక్కుని చూడటం దండగా?"

ముందు నా సంగతి ఒక్క ముక్క. నేను న్యూయార్క్ నిక్స్ అభిమానిని. అంటే ఆ ఏడు ఫైనల్లో స్పర్స్ చేతిలో ఓడిపోయిన జట్టు మాది. వై2కే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ సమస్య) పుణ్యమా అని అమెరికాలో దిగిన తెలుగువాళ్ల బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. న్యూజెర్సీలో ఉండేవాణ్ణి. ఆ సీజన్‌ని ఎక్కువగా టీవీలో, అప్పుడప్పుడు అరీనాలో కూర్చుని చూశాను. కాబట్టి స్పర్స్‌ని వెనకేసుకు రావాల్సిన అవసరం నాకు బొత్తిగా లేదు. అయినా నా మాట ఇదే: ఆ టైటిల్‌కి ఏ గుర్తూ అక్కర్లేదు. ఛాంపియన్ ఎవరో తేల్చడానికి 50 మ్యాచ్‌లు సరిపోయాయి. చాలనిది ఆ కింద ఉన్న జట్ల వరస తేల్చడానికి. ఆస్టరిస్క్ అనేవాళ్లు ఈ రెండిటినీ కలిపేస్తారు.

ముందు తప్పెవరిదో చూద్దాం, ఎందుకంటే అక్కడే చాలామందికి కథ తప్పుగా తెలుసు. ఆటగాళ్లు సమ్మె చేశారని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చేయలేదు. 1998 జులై 1న జట్ల యజమానులే తలుపులు మూశారు. లాకౌట్ అంటే అదే. జూట్ మిల్లు గేటుకి తాళం పడటం చూసిన విజయనగరం వైపు వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ గేటు బయట నిలబడ్డవాళ్లలో కొందరు మిలియనీర్లు. జనానికి ఎవరి మీదా జాలి కలగకపోవడానికి సగం కారణం అదే.

గొడవ డబ్బు పంపకం గురించి. 1995లో కుదిరిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల జీతాలు 51.8 శాతం దాటితే, మూడేళ్ల తర్వాత యజమానులు ఒప్పందాన్ని మళ్లీ తెరిచి మాట్లాడొచ్చు. 1998 నాటికి అది 57 శాతానికి చేరింది. పేరుకి శాలరీ క్యాప్ (ఒక జట్టు ఇచ్చే మొత్తం జీతాల మీద పరిమితి) ఉంది కానీ దానికి పెద్ద కిటికీ ఒకటి ఉండేది: ఒకప్పటి స్టార్ లారీ బర్డ్ పేరు మీద పిలిచే మినహాయింపు. సొంత ఆటగాణ్ణి నిలబెట్టుకోవడానికి జట్టు క్యాప్ దాటి ఎంతైనా ఇవ్వొచ్చు. 1997–98లో ఒక్కో జట్టుకి క్యాప్ సుమారు 27 మిలియన్ డాలర్లు. ఆ ఏడు షికాగో బుల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఒక్కడి జీతమే 33 మిలియన్లు! జోర్డాన్ కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. యజమానులకి అసలు గుండెపోటు తెప్పించింది వేరే కుర్రాడు. 1997 అక్టోబర్‌లో మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌తో ఆరేళ్లకి 126 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పిల్లాడు, అప్పటికి ఆడింది రెండు సీజన్లు. ఆ ఫ్రాంచైజీని యజమాని కొనుక్కున్న ధర కంటే ఈ కాంట్రాక్టు ఎక్కువ. అప్పట్నుంచి యజమానులు పట్టుబట్టింది ఒకటే: మమ్మల్ని మా నుంచే కాపాడండి. ఇది నా వెటకారం అనుకోకండి. గార్నెట్‌కి అంత డబ్బు ఇవ్వమని వాళ్ల మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు కదా.

ఇటు ఆటగాళ్ల వైపు కూడా మురిసిపోయేంత ఏమీ లేదు. యూనియన్ ప్రెసిడెంట్ మా నిక్స్ స్టార్ పాట్రిక్ యూయింగ్. యూనియన్ తరఫున బేరాలాడేది లాయర్ బిల్లీ హంటర్. ఎదురుగా యజమానుల తరఫున లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్. యూయింగ్‌కి, మరి కొందరు పెద్ద స్టార్లకి ఏజెంట్ ఒక్కడే, డేవిడ్ ఫాక్. దాంతో పోరాటమంతా పై డజను మంది ఆటగాళ్ల జీతాల కోసమే అన్న అనుమానం ఆటగాళ్లలోనే మొదలైంది. బెంచి మీద చివర కూర్చునేవాడికి గరిష్ఠ జీతం మీద పరిమితి పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత? వాడికి కావాల్సింది కనీస జీతం పెరగడం. నవంబర్‌లో మొదటి చెక్కు రాకపోయేసరికి ఆ గుసగుస బయటికొచ్చింది. పైగా గ్యారంటీ కాంట్రాక్టులున్నా లాకౌట్ కాలానికి జీతాలు ఇవ్వక్కర్లేదని అంతకుముందే, అక్టోబర్‌లో, మధ్యవర్తి తీర్పు ఇచ్చేశాడు. అదే సమయంలో మ్యాచ్‌లు జరగకపోయినా ఆ ఏడు టీవీ డబ్బు యజమానులకి అందే ఏర్పాటు ఎన్‌బీసీ, టర్నర్‌లతో చేసుకున్న ఒప్పందంలో ఉంది. తర్వాత సర్దుబాటు చేసుకోవాల్సిన డబ్బే, కానీ చేతిలో అయితే ఉంది. ఒకడి జేబు ఖాళీ, ఇంకొకడి జేబు నిండుగా ఉంటే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

అభిమానులకి ఒళ్లు మండింది మాత్రం ఆటగాళ్ల మాటలకే. మేం బాగా సంపాదిస్తాం, నిజమే, ఖర్చు కూడా అలాగే పెడతాం అన్న అర్థం వచ్చేలా యూయింగ్ మాట్లాడాడు. ఒక ఆటగాడు తన కార్లలో ఒకటి అమ్ముకోవాల్సి వస్తుందేమో అన్నట్టు పేపర్లో వచ్చింది. నేను పనిచేసే చోట కెఫెటీరియాలో నెలల తరబడి ఆ కార్ల మీదే జోకులు. డిసెంబర్ 19న అట్లాంటిక్ సిటీలో స్టార్లతో ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. వచ్చే డబ్బులో కొంత "ఇబ్బందుల్లో ఉన్న" ఆటగాళ్లకి ఇద్దామని మొదట అనుకున్నారు. ఊరూవాడా నవ్వేసరికి ఆ ఆలోచన మానుకుని మొత్తం సేవా కార్యక్రమాలకే అన్నారు. అరీనా బయట పార్కింగ్ చీటీలు చింపేవాళ్లు, లోపల హాట్‌డాగ్‌లు అమ్మేవాళ్లు, సీట్లు చూపించేవాళ్లు మాత్రం మ్యాచ్‌కి ఇంత అని కూలి తీసుకునేవాళ్లు. మ్యాచ్ లేకపోతే కూలి లేదు. వాళ్ల కోసం ప్రదర్శన మ్యాచ్ ఎవరూ పెట్టలేదు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పకుండా ఉండలేను. ఆ అక్టోబర్‌లో జరిగిన చర్చల్లో జోర్డాన్ కూడా కూర్చున్నాడు. వాషింగ్టన్ జట్టు యజమాని ఏబ్ పోలిన్ నష్టాల గురించి చెబుతుంటే, నడపలేకపోతే జట్టుని అమ్మేసుకోండి అన్నట్టు జోర్డాన్ ముఖం మీదే అన్నాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. తర్వాత రెండేళ్లు తిరక్కుండానే అదే వాషింగ్టన్‌లో జోర్డాన్ వాటాదారుడయ్యాడు. 2011లో మళ్లీ లాకౌట్ వచ్చేసరికి ఆయన షార్లెట్ జట్టుకి యజమాని, అదీ ఆటగాళ్ల వాటా బాగా తగ్గించాలని పట్టుబట్టిన గుంపులో. కుర్చీ మారితే లెక్క మారుతుంది.

స్టెర్న్ గడువు పెట్టాడు: జనవరి 7 నాటికి తేలకపోతే మొత్తం సీజన్ రద్దు. సరిగ్గా ముందు రోజు తెల్లవారుజామున ఆయనా, హంటరూ రాజీకి వచ్చారు. అదే రోజు న్యూయార్క్‌లో ఆటగాళ్లు 179–5తో ఒప్పుకున్నారు. ఆటగాళ్ల జీతానికి తొలిసారి గరిష్ఠ పరిమితి వచ్చింది: ఆరేళ్ల వరకు అనుభవం ఉంటే 9 మిలియన్లు, ఏడు నుంచి తొమ్మిదేళ్లకి 11, పదేళ్లు, ఆ పైన అయితే 14. బదులుగా కనీస జీతాలు పెరిగాయి, మధ్య తరగతి ఆటగాళ్ల కోసం కొత్త మినహాయింపులు పుట్టాయి. ఇవాళ మీరు రోజూ వినే "మ్యాక్స్ కాంట్రాక్ట్", "మిడ్ లెవెల్ ఎక్సెప్షన్" అన్న మాటలు ఆ రాత్రి పుట్టినవే.

తప్పెవరిదంటే, నా లెక్కలో మూడొంతులు యజమానులది. తాళం వేసింది వాళ్లు, తాము ఇష్టపడి రాసిన చెక్కుల్నే కారణంగా చూపించింది వాళ్లు, చివరికి కావాల్సింది దాదాపు దక్కించుకుంది కూడా వాళ్లే. మిగతా ఒక వంతు యూనియన్‌ది. జనవరిలో ఒప్పుకున్న దానికి, నవంబర్‌లో కూర్చుని గట్టిగా బేరమాడి ఉంటే దొరికేదానికి మధ్య ఆటగాళ్లకి పెద్దగా మిగిలిందేమీ లేదని నా అభిప్రాయం. పోయినవి మాత్రం 464 మ్యాచ్‌లు, ఫిలడెల్ఫియాలో జరగాల్సిన ఆల్‌స్టార్ గేమ్. కార్మిక వివాదం వల్ల ఎన్‌బీఏ మ్యాచ్‌లు పోవడం అదే మొదటిసారి.

ఇక ఆట. ఒప్పందం కుదిరిన వారానికే, జనవరి 13న, జోర్డాన్ రిటైర్ అయ్యాడు. ఫిల్ జాక్సన్ అప్పటికే బుల్స్ కోచ్ పదవి వదిలేశాడు. జోర్డాన్ పక్కన ఆడిన స్టార్లలో స్కాటీ పిప్పెన్ హ్యూస్టన్ వెళ్లాడు. డెనిస్ రాడ్‌మన్ లాస్ ఏంజెలిస్ లేకర్స్‌లో చేరి 23 మ్యాచ్‌లు ఆడి బయటికొచ్చాడు. లీగ్‌ని ఏలిన జట్టు రెండు వారాల్లో మాయమైంది. మిగిలిన బుల్స్ 13 గెలిచి 37 ఓడారు. ఏప్రిల్ 10న మయామీ మీద మొత్తం మ్యాచ్‌లో వాళ్లు చేసినవి 49 పాయింట్లు. షాట్ క్లాక్ (24 సెకన్లలోపు షాట్ వేయాలన్న నిబంధన) వచ్చాక ఒక జట్టు చేసిన అతి తక్కువ స్కోరు అది. ఏడాది ముందు ఛాంపియన్లు!

సీజన్ ఫిబ్రవరి 5న మొదలై మే 5న ముగిసింది. 90 రోజుల్లో 50 మ్యాచ్‌లు. మామూలు సీజన్‌లో రెండు రోజులకి కాస్త పైన ఒక మ్యాచ్ పడుతుంది, ఆ ఏడు రెండు రోజులు కూడా దొరకలేదు. వరసగా మూడు రాత్రులు మూడు మ్యాచ్‌లు ఆడాల్సిన సందర్భాలు వచ్చాయి. ట్రైనింగ్ క్యాంపులకి దొరికింది రెండు వారాలు. అదే రెండు వారాల్లో ట్రేడ్‌లు, కొత్త కాంట్రాక్టులు, కొత్త ప్లేలు నేర్చుకోవడం అన్నీ జరిగిపోవాలి. జిమ్‌కి దూరమైన కొందరు పొట్టలతో దిగారు. క్లీవ్‌లాండ్‌లో షాన్ కెంప్ బరువు చూసి అందరూ నోరెళ్లబెట్టారు. విచిత్రం ఏంటంటే, తన కెరీర్‌లోనే ఎక్కువ సగటు, మ్యాచ్‌కి 20.5 పాయింట్లు, కెంప్ ఆ ఏడే చేశాడు. సియాటెల్‌లో విన్ బేకర్‌కి ఆ అదృష్టం లేదు. ముందు సీజన్‌లో 19 దాటిన సగటు 14కి పడిపోయింది.

ఫిబ్రవరి, మార్చి మ్యాచ్‌లు చూడటం కష్టంగానే ఉండేది, నిజం ఒప్పుకోవాలి. మెడోలాండ్స్‌లో న్యూజెర్సీ జట్టు నెట్స్ మ్యాచ్‌లకి టికెట్లు సులువుగా దొరికేవి కాబట్టి అక్కడికి పోయేవాళ్లం. నాలుగో క్వార్టర్‌లో ఆటగాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని, నిక్కరు అంచులు గుప్పిట్లో పట్టుకుని ఒగరుస్తుండేవాళ్లు. షాట్ రిమ్ (బుట్ట ఇనప వలయం) ముందు అంచుకి తగిలి కింద పడేది. బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకి తెలుసు, బంతి ముందు అంచుకే పదేపదే తగులుతోందంటే కాళ్లలో సత్తువ లేదని. లీగ్ మొత్తం మీద జట్టుకి మ్యాచ్ సగటు 91.6 పాయింట్లు. ఇప్పుడు 110 దాటడం మామూలైపోయిన రోజుల్లో మీకు అది హాఫ్ టైం దాటిన కాసేపటి స్కోరులా కనిపించొచ్చు.

స్పర్స్ కథ ఇక్కడే అసలు విషయం. వాళ్లు మొదటి 14 మ్యాచ్‌లలో 6 గెలిచి 8 ఓడారు. 82 మ్యాచ్‌ల సీజన్‌లో 14 మ్యాచ్‌లు అంటే ఆరో వంతు, కంగారు పడక్కర్లేదు. 50లో అయితే నాలుగో వంతు దాటినట్టే. గ్రెగ్ పొపోవిచ్ అప్పటికి గొప్ప కోచ్ కాదు. జనరల్ మేనేజర్‌గా ఉండి, 1996 డిసెంబర్‌లో ఉన్న కోచ్‌ని తీసేసి ఆ కుర్చీలో తానే కూర్చున్నాడన్న కోపం శాన్ ఆంటోనియోలో ఇంకా పోలేదు. ఆయన ఉద్యోగం పోతుందని, టీవీలో వ్యాఖ్యానం చెబుతున్న డాక్ రివర్స్‌ని తెస్తారని గట్టిగా పుకార్లు. అలాంటి స్థితిలో మార్చి 2న హ్యూస్టన్‌లో గెలిచారు. ఆ మ్యాచ్‌తో కలుపుకుని మిగతా సీజన్‌లో 31 గెలిచి 5 ఓడారు. మొత్తం 37–13. 82 మ్యాచ్‌లకి లెక్కేస్తే 60 విజయాల పైమాట. ఇది గాలివాటం సీజన్ ఎలా అవుతుంది?

ఆ జట్టులో జరిగింది గమనించండి. డేవిడ్ రాబిన్సన్ అంతకు నాలుగేళ్ల ముందు లీగ్ ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు), ఆ ఊరికి దేవుడు. రెండో సంవత్సరం కుర్రాడు టిమ్ డంకన్ కోసం తన షాట్లు తనే తగ్గించుకున్నాడు. సగటు 15.8కి దిగింది, డంకన్‌ది 21.7కి పెరిగింది. ఇద్దరు ఏడడుగుల మనుషులు బుట్ట దగ్గర నిలబడితే అలసిపోయిన ప్రత్యర్థులు లోపలికి రావడానికే జంకేవాళ్లు. ఆ ఏడు కాలు సత్తువ మీద ఆధారపడ్డ జట్లు కుంగిపోయాయి, డిఫెన్స్ మీద, సైజు మీద ఆధారపడ్డ జట్లు నిలబడ్డాయి. పొట్టి సీజన్ స్పర్స్‌కి ఏమైనా మేలు చేసిందంటే అదొక్కటే. కానీ 2003లో, 2005లో 82 మ్యాచ్‌ల సీజన్లలోనూ వాళ్లు గెలిచింది దాదాపు అదే పద్ధతిలో.

అన్నిటికంటే ముఖ్యం: ప్లేఆఫ్స్‌ని, అంటే సీజన్ తర్వాత టైటిల్ తేల్చే నాకౌట్ సిరీస్‌లని, కుదించలేదు. తొలి రౌండ్‌లో అయిదింట మూడు, ఆ పైన ఏడింట నాలుగు గెలవాలి, ఎప్పటిలాగే. అక్కడ స్పర్స్ మిన్నెసోటాని 3–1తో, షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్న లేకర్స్‌ని 4–0తో, పోర్ట్‌లాండ్‌ని 4–0తో, మమ్మల్ని 4–1తో కొట్టారు. మొత్తం 15 గెలుపులు, 2 ఓటములు. వరసగా 12 గెలిచిన దశ కూడా అందులో ఉంది. లేకర్స్ తమ పాత ఇల్లు ఫోరంలో ఆడిన ఆఖరి మ్యాచ్ ఆ 4–0 స్వీప్‌లోదే. ఇన్ని గెలిచిన జట్టుకి ఇంకో 32 లీగ్ మ్యాచ్‌లు పెడితే ఏం తేలేది?

ఆస్టరిస్క్ మాటని జనం నోళ్లలో పెట్టింది ముఖ్యంగా ఫిల్ జాక్సన్. ఆ ఏడు ఆయన ఏ జట్టుకీ కోచ్ కాదు, ఇంట్లో ఉన్నాడు. తర్వాత లేకర్స్‌కి వెళ్లాడు, స్పర్స్‌తో ఏటా తలపడాల్సిన కుర్చీ అది. పోటీదారుని గిల్లడం ఆయనకి సరదా, ఆ మాటని ఆ సందర్భంలో వినాలి. ఇక మామూలు అభిమానుల్లో ఆస్టరిస్క్ అనేవాళ్లని కాస్త కదిపి చూడండి, వాళ్ల అసలు బాధ 50 మ్యాచ్‌లు కాదు, జోర్డాన్ లేకపోవడం. జోర్డాన్ బేస్‌బాల్ ఆడటానికి వెళ్లినప్పుడు హ్యూస్టన్ గెలిచిన 1994 టైటిల్ మీద కూడా ఇవే సణుగుళ్లు. బుల్స్ విడిపోవడానికి లాకౌట్ కారణం కాదు. 1997–98 జాక్సన్‌కి ఆఖరి సీజన్ అని అది మొదలవక ముందే తేలిపోయింది.

అవతలి వాళ్ల వాదనలో గట్టిది ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. మరుసటి ఏడు, పూర్తి సీజన్‌లో, స్పర్స్ తొలి రౌండ్‌లోనే ఫీనిక్స్ చేతిలో ఓడారు. కానీ ఆ సిరీస్‌లో మోకాలి గాయంతో డంకన్ ఒక్క నిమిషం కూడా ఆడలేదు. డంకన్ లేని స్పర్స్‌ని చూపించి డంకన్ ఉన్న స్పర్స్‌ని తక్కువ చేయడం న్యాయం కాదు.

ఇప్పుడు 50 మ్యాచ్‌లు నిజంగా ఎక్కడ దెబ్బ కొట్టాయో చూడండి. ఈస్ట్ (లీగ్ రెండు భాగాల్లో ఒకటి, ఒక్కో దాన్నుంచి ఎనిమిది జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లేవి) పట్టిక: మయామీ, ఇండియానా, ఓర్లాండో మూడూ 33–17. ఎనిమిదో స్థానంలో మా నిక్స్ 27–23. షార్లెట్ 26–24తో ఇంటికి. అంటే మొదటి జట్టుకీ ఎనిమిదో జట్టుకీ తేడా ఆరు విజయాలు, ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా ఒకటి. ముందు ఏడాది ఈస్ట్‌లో బుల్స్ 62, ఎనిమిదో జట్టు నెట్స్ 43. పందొమ్మిది తేడా. నిక్స్‌ది నిజంగా ఎనిమిదో స్థానం జట్టు కాదు. జనవరిలో తెచ్చుకున్న లట్రెల్ స్ప్రీవెల్ గాయంతో 37 మ్యాచ్‌లే ఆడాడు, యూయింగ్ 38. చార్ల్స్ ఓక్లీని ఇచ్చి తెచ్చుకున్న మార్కస్ క్యాంబీని కోచ్ జెఫ్ వాన్ గండీ చాలాకాలం నమ్మలేదు. 21–21 దగ్గర ఉన్నప్పుడు ఊళ్లో అందరూ వాన్ గండీ పని అయిపోయిందనే అనుకున్నారు. ఆఖరి ఎనిమిదిలో ఆరు గెలిచి లోపలికి దూరాం. ఇంకో 32 మ్యాచ్‌లు ఉంటే బహుశా నాలుగో, అయిదో స్థానంలో తేలేవాళ్లం. అప్పుడు, ఒకటో జట్టుకి ఎనిమిదో జట్టు ఎదురుపడే మొదటి రౌండ్‌లోనే మయామీకి మేం తగిలేవాళ్లం కాదు. కాబట్టి ఆ సీజన్‌లో అన్యాయమైపోయామని ఏడవాల్సిన హక్కు ఎవరికైనా ఉంటే అది మయామీ వాళ్లకే.

ఆ మయామీ సిరీస్ అయిదో మ్యాచ్ ఎలా ముగిసిందో తెలుసు కదా. 4.5 సెకన్లు మిగిలి, ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. అలన్ హ్యూస్టన్ పరిగెడుతూ ఒంటిచేత్తో వేసిన బంతి రిమ్ ముందు అంచుకి తగిలి, పైకి లేచి, వెనక బోర్డుని తాకి, అప్పుడు లోపల పడింది. గడియారంలో 0.8 సెకను. 78–77. అక్కడి నుంచి అట్లాంటాని స్వీప్ చేశాం, ఇండియానాని 4–2తో దాటాం. మూడో మ్యాచ్‌లో 5.7 సెకన్లు ఉండగా లారీ జాన్సన్ త్రీ (మూడు పాయింట్ల షాట్) వేసి, ఫౌల్ కూడా సంపాదించి, ఒక్క పొజెషన్‌లో నాలుగు పాయింట్లు తెచ్చి 92–91తో గెలిపించాడు. ఎనిమిదో స్థానం నుంచి ఫైనల్ చేరిన మొదటి జట్టు మాదే. అదే సిరీస్‌లో యూయింగ్‌కి మడమ వెనక అకిలీస్ స్నాయువు కొంత తెగింది. నెలల తరబడి యూనియన్ తరఫున బేరాలాడిన మనిషి ఫైనల్‌ని సూటు వేసుకుని బెంచి మీద నుంచే చూశాడు.

ఆ మే, జూన్ నెలలు నాలాంటి తెలుగువాళ్లకి మరీ పిచ్చి రోజులు. పొద్దున్నే ఇంగ్లండ్‌లో క్రికెట్ ప్రపంచ కప్, రాత్రి ప్లేఆఫ్స్, మధ్యలో ఆఫీసులో కోబాల్ (పాత కంప్యూటర్ భాష) కోడ్. ఆస్ట్రేలియా, సౌతాఫ్రికా సెమీఫైనల్ టై అయింది జూన్ 17న. దానికి ముందు రాత్రే ఎన్‌బీఏ ఫైనల్ మొదటి మ్యాచ్. మా రూమ్‌మేట్లకి బాస్కెట్‌బాల్ మీద పెద్ద మక్కువ లేదు, అయినా నిక్స్ ఆడుతుంటే సోఫా ఖాళీ ఉండేది కాదు. నాలుగు నెలల ముందు "ఈ లీగ్ మూసేస్తే ఎవడికి నష్టం" అన్నవాళ్లే వాళ్లు. న్యూయార్క్ అంతా అంతే. లాకౌట్ మీద కోపం ఎంత ఉన్నా, గెలుస్తున్న జట్టు దొరికితే జనం నిలదీయడం మానేస్తారు. యజమానులకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు, అందుకే 2011లో మళ్లీ తాళం వేశారు.

2011–12 గురించి ఎక్కువ చెప్పను. డిసెంబర్ 25న మొదలై 66 మ్యాచ్‌లు జరిగాయి. ఆటగాళ్ల వాటా 57 శాతం నుంచి సుమారు సగానికి దిగింది. ప్రతి జట్టూ కనీసం ఒకసారి మూడు రాత్రుల్లో మూడు మ్యాచ్‌లు ఆడింది. ఛాంపియన్ మయామీ, అదీ ఎవరూ వేలెత్తి చూపించలేని గెలుపే. అప్పుడు కూడా నష్టం వేరే చోట కనిపించింది: ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే షికాగోలో డెరిక్ రోజ్ మోకాలు పోయింది, ఆ తర్వాత మళ్లీ పాత రోజ్ కనిపించలేదు. దానికి కుదించిన షెడ్యూలే కారణమని రుజువు చేయలేం. కానీ ఆ వేగంతో ఆడించి, గాయాలకి ఆశ్చర్యపోయినట్టు నటించిన లీగ్‌ని చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే.

చివరి ప్రశ్న, ఇప్పుడు చూడదగ్గవా అని. ఫిబ్రవరి, మార్చి మ్యాచ్‌ల జోలికి పోకండి, ప్రాక్టీస్‌లా ఉంటాయి. ఫైనల్ రెండో మ్యాచ్ కూడా వదిలేయండి, మేం చేసింది 67 పాయింట్లు, నిక్స్ అభిమానినైన నేనే మళ్లీ చూడలేదు. మే 31 నాటి స్పర్స్, పోర్ట్‌లాండ్ రెండో మ్యాచ్ మాత్రం మొత్తం చూడండి. పోర్ట్‌లాండ్ మూడో క్వార్టర్‌లో 18 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆఖర్లో షాన్ ఇలియట్ సైడ్‌లైన్ దగ్గర పాస్ అందుకుని, మడమలు గీత మీద ఆనకుండా మునివేళ్ల మీద నిలబడి, రషీద్ వాలెస్ చాచిన చెయ్యి మీదుగా త్రీ వేశాడు. 86–85. ఆ షాట్‌ని నెమ్మదిగా తిప్పి ఇలియట్ బూట్లనే చూడండి. అప్పటికే ఇలియట్ కిడ్నీలు పాడైపోతున్నాయి, బయటికి చెప్పలేదు. రెండు నెలల తర్వాత అన్న కిడ్నీ ఇస్తే మార్పిడి చేయించుకున్నాడు, మరుసటి సీజన్‌లో మళ్లీ ఆడాడు కూడా.

ఒక్క మ్యాచ్‌కే టైం ఉంటే జూన్ 25 నాటి ఫైనల్ అయిదో మ్యాచ్, సెకండ్ హాఫ్ నుంచి. ఇటు స్ప్రీవెల్ 35, అటు డంకన్ 31, ఒకరు వేస్తే వెంటనే ఇంకొకరు. 47 సెకన్లు మిగిలి ఉండగా ఎడమ మూల నుంచి ఏవరీ జాన్సన్ వేసిన షాట్‌తో స్పర్స్ ముందుకెళ్లారు. బయటి నుంచి షాట్ వేయలేడని అందరూ వదిలేసే పొట్టి గార్డ్ అతను. మా వాళ్లూ అందుకే వదిలేశారు. స్కోరు మళ్లీ 78–77, ఈసారి మాకు వ్యతిరేకంగా. ఆ మ్యాచ్ చూశాక కూడా ఆస్టరిస్క్ పెట్టాలనిపిస్తే చెప్పండి, అప్పుడు మళ్లీ వాదించుకుందాం.